గన్నయ నుంచి ఖాన్-ఇ-జహాన్ దాకా: మాలిక్ మక్బూల్ చరిత్రపై వాదాలు, ఆధారాలు

కాకతీయ రాజ్యం 1323లో కూలిపోయాక ఢిల్లీ సుల్తానుల కొలువులో చేరి, ముప్పై ఏళ్లు తిరక్కముందే ఆ సామ్రాజ్యానికి వజీరైన తెలుగువాడు మాలిక్ మక్బూల్. ఫిరోజ్ షా తుగ్లక్ 1351లో గద్దెనెక్కినప్పటి నుంచి తాను కన్నుమూసే దాకా, అంటే సుమారు 1370 వరకు, ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో అతడే ఢిల్లీ కచేరీలను నడిపాడు. పారశీక చరిత్రకారులు అతణ్ణి తిలంగాణీ అన్నారు. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. ఢిల్లీ చేరకముందు అతడెవరన్న దగ్గర పేచీ మొదలవుతుంది. మార్కండేయ పురాణాన్ని అంకితం పుచ్చుకున్న కాకతీయ సేనాని నాగయ గన్నయే మక్బూల్ అని చాలామంది తెలుగు పండితులు నమ్మారు. ఆ గన్నయే నాటకాల్లోని మంత్రి యుగంధరుడు కూడా అని మరికొందరు ఇంకో మెట్టు ఎక్కారు. దీనికి కులం, మతమార్పిడి, విధేయత, ద్రోహం లాంటి ప్రశ్నలు తోడై చిక్కుముడి బిగిసింది. ఆధారాలను ఒక్కొక్కటిగా విడదీసి చూస్తే వీటిలో కొన్ని ముడులు తేలిగ్గానే ఊడతాయి, కొన్ని ఊడవు.

ఆధారాలు: రెండు భాషలు, రెండు లోకాలు

మక్బూల్ గురించి అన్నిటికన్నా ఎక్కువ చెప్పినవాడు షమ్స్ సిరాజ్ అఫీఫ్. అతని తారీఖ్-ఇ-ఫిరోజ్ షాహీ 1398లో తైమూర్ ఢిల్లీని కొల్లగొట్టిన తర్వాత రాసిన పుస్తకం. పాడుపడిన నగరంలో కూర్చుని పోయిన మంచి రోజులను తలుచుకుంటున్న మనిషి రాత అది. అందుకే ఫిరోజ్ కాలం అందులో కాస్త ఎక్కువగానే మెరుస్తుంది, ఆ కాలపు వజీరూ అంతే. అయినా అఫీఫ్ కుటుంబం ఫిరోజ్ కొలువులో పనిచేసింది కాబట్టి దర్బారు సంగతులు అతనికి దగ్గరి నుంచే తెలుసు.

జియావుద్దీన్ బరనీ అదే పేరుతో రాసిన చరిత్రను 1357లో ముగించాడు. అతడు మక్బూల్‌కు సమకాలికుడే అయినా అతని పూర్వాశ్రమం గురించి పెద్దగా పట్టించుకోలేదు. ఓరుగల్లు చేజారిన ఘట్టానికి మాత్రం బరనీయే ముఖ్యమైన సాక్షి. మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1333 నుంచి 1342 దాకా మహమ్మద్ బిన్ తుగ్లక్ రాజ్యంలో ఉన్నాడు. ఓడిపోయిన దక్షిణాది రాజకుటుంబాల వారిని సుల్తాను ఎలా చూసేవాడో అతని రాతల్లో కనిపిస్తుంది. పదిహేడో శతాబ్దపు ఫెరిష్తా వీళ్లందరికన్నా ఎక్కువ మంది చదివిన చరిత్రకారుడు. తెలుగుదేశపు విషయాల్లో తడబడినవాడు కూడా అతడే.

తెలుగు వైపు దొరికేది వేరే రకం సామగ్రి. తిక్కన శిష్యుణ్ణని చెప్పుకున్న మారన తన మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని సేనాని నాగయ గన్నయకు అంకితమిచ్చాడు. అల్లసాని పెద్దన మనుచరిత్రకు మూలమైన ప్రవరాఖ్యుడి కథ ఈ పురాణంలోదే. అందువల్ల గన్నయ పేరు తెలియని సాహిత్య విద్యార్థి అరుదు. ముసునూరి ప్రోలయ నాయకుడి విలస తామ్రశాసనం, రెడ్డిరాణి అనితల్లి 1423లో వేయించిన కలువచేరు శాసనం కాకతీయ పతనాన్నీ దాని తర్వాతి కాలాన్నీ వర్ణిస్తాయి. ప్రతాపరుద్రుడు సోమోద్భవ, అంటే నర్మదా నది ఒడ్డున చనిపోయాడని విలస శాసనం చెబుతుంది. ఈ శాసనాల్లో మక్బూల్ లేడు. అఫీఫ్ రాతల్లో మారన లేడు. ఈ రెండు వైపుల మధ్యా వంతెన కట్టింది ఆధునిక పండితులే.

వాదం పెరిగిన తీరు

ఇరవయ్యో శతాబ్దం తొలి దశాబ్దాల్లో ఆంధ్రుల చరిత్ర రాయడమంటే ఒక ఉద్యమం. చిలుకూరి వీరభద్రరావు 1910 నుంచి వెలువరించిన ఆంధ్రుల చరిత్రము సంపుటాలు కాకతీయులను ఇంటింటి మాటగా మార్చాయి. 1935లో రాజమండ్రి నుంచి మారేమండ రామారావు సంపాదకత్వంలో కాకతీయ సంచిక వచ్చింది. అదే ఏడాది హైదరాబాదులో లక్ష్మణరాయ పరిశోధక మండలి తెలంగాణా శాసనములు ప్రచురించింది. రెండు చోట్లా ఒకే సంవత్సరంలో ఈ పని జరగడం యాదృచ్ఛికమే కావచ్చు, కాకతీయ పరిశోధనకు మాత్రం మలుపు అదే.

నిజాం ప్రభుత్వం 1914లో నెలకొల్పిన పురావస్తు శాఖ గులాం యజ్దానీ నాయకత్వంలో తెలంగాణ శాసనాలను వరుసగా వెలికితీసింది. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని పురావస్తు ప్రదర్శనశాల ఆ కృషిలో భాగంగా ఎదిగిందే. 1943లో పుట్టి ఆబిడ్స్ తిలక్ రోడ్డులో స్థిరపడిన సారస్వత పరిషత్తు సాహిత్య చరిత్రను జనంలోకి తీసుకెళ్లింది. రాష్ట్రాలు కలిశాక ఆబిడ్స్ పక్కనే ఉన్న గన్‌ఫౌండ్రీలోని పురావస్తు శాఖ కార్యాలయం ఈ పరిశోధనకు కేంద్రమైంది. నేలటూరి వెంకటరమణయ్య సంపాదకత్వంలో వరంగల్ జిల్లా శాసనాలు 1974లోనూ, పి.వి. పరబ్రహ్మశాస్త్రి రాసిన కాకతీయుల చరిత్ర 1978లోనూ ఆ శాఖ ద్వారానే వచ్చాయి. శాసనాలూ సాహిత్యమూ పక్కపక్కన పెట్టుకుని చదివిన ఈ వాతావరణంలోనే గన్నయ, మక్బూల్ ఒకరేనన్న మాట గట్టిపడింది.

మల్లంపల్లి సోమశేఖర శర్మ ముసునూరి నాయకుల చరిత్రను మరుగున పడిన అధ్యాయమంటూ 1945లో పుస్తకంగా తెచ్చారు. ఆ తరానికి విదేశీ పాలన నుంచి విముక్తి అన్న ఊహ చాలా దగ్గరిది. ఓరుగల్లును ఢిల్లీ చేతిలోంచి తిరిగి పట్టుకున్న కాపయ నాయకుడు అందులో విమోచకుడు. అతడు తరిమేసిన అధికారి కూడా తెలుగువాడే కావడం ఆ కథలో ఇమడని ముక్క. తర్వాతి తరాలు మక్బూల్ దగ్గర ఇన్నిసార్లు ఆగడానికి ఈ ఇబ్బంది ఒక కారణం.

గన్నయ, కన్ను ఒకరేనా?

మతం మారకముందు ఖాన్-ఇ-జహాన్‌కు కన్ను అనే పేరుండేదని అఫీఫ్ రాశాడు. రాతప్రతిలో చుక్కలు అటూ ఇటూ అయితే కట్టు అని కూడా చదవచ్చు. పాత పారశీక లిపిలో క, గ అక్షరాలకు తేడా చూపించేవారు కాదు కాబట్టి గన్నను కన్నుగా రాయడంలో వింత లేదు. ఈ కన్ను తన జాతిలో గొప్ప హోదా ఉన్నవాడని, తిలంగ్ రాజు దగ్గర పనిచేసినవాడని కూడా అఫీఫ్ చెప్పాడు. గన్నయ కాకతీయ సేనాని, ఓరుగల్లు కోట కాపుదల చూసినవాడు. పేరు, ప్రాంతం, హోదా, కాలం నాలుగూ కలుస్తున్నాయి. ఇద్దరినీ ఒక్కరుగా చూసేవారి బలం ఇదే, తీసిపారేయదగ్గది కాదు.

ఎదుటి వాదానికీ బలముంది. గన్న అనే పేరు ఆ కాలంలో అరుదు కాదు. గోన గన్నారెడ్డి మనందరికీ తెలిసినవాడే. కాకతీయుల కింద పనిచేసిన నాయకుల్లో ఇంకెంతమంది గన్నలున్నారో శాసనాలన్నీ చదివినా లెక్క తేలదు. అంతకన్నా ఇబ్బంది పెట్టేది ఇంకొకటుంది. కన్నుకు చదవడం, రాయడం రాదని, బుద్ధిబలం మాత్రం అపారమని అఫీఫ్ అంటాడు. పురాణం అంకితం పుచ్చుకున్న గన్నయేమో కవుల్ని ఆదరించిన రసజ్ఞుడు. అఫీఫ్ దృష్టిలో చదువంటే పారశీకం, అరబీ చదువే కాబట్టి వైరుధ్యం లేదన్నది మామూలుగా వినిపించే జవాబు. అది నమ్మదగిన జవాబే. కావ్యం అంకితం పుచ్చుకోవడానికి పాండిత్యం కన్నా పదవి, ధనం ముఖ్యమన్న సంగతి కూడా మరువరాదు. అయితే జవాబు నమ్మదగ్గదైనంత మాత్రాన అది రుజువు కాబోదు.

వయసు లెక్క కూడా చూడాలి. తిక్కన 1288 ప్రాంతంలో చనిపోయాడని సంప్రదాయం. అతని శిష్యుడు మారన పురాణం రాసింది ప్రతాపరుద్రుని పాలనలో, అంటే పదమూడో శతాబ్దం చివరి ఏళ్ల నుంచి 1323 లోపు. అంకితం పుచ్చుకునేనాటికే గన్నయ పేరు మోసిన సేనాని. పురాణం 1300 నాటిదనుకుంటే మక్బూల్ తొంభై దాటి బతికి ఉండాలి. 1320 ప్రాంతానిదనుకుంటే ఎనభైల్లో పోయి ఉంటాడు. రెండోది జరగగలిగేదే. కాబట్టి గన్నయ, మక్బూల్ ఒక్కరే అనేవారు మార్కండేయ పురాణాన్ని ప్రతాపరుద్రుని పాలన చివరి భాగానికి జరపక తప్పదు. ఈ సంగతిని తెలుగు సాహిత్య చరిత్రలు సాధారణంగా ప్రస్తావించకుండానే దాటిపోతాయి.

మొత్తం మీద పోలిక బలంగా ఉంది, నిర్ధారణ లేదు. ఇద్దరూ ఒక్కరేనని కచ్చితంగా చెప్పే వాక్యం ఏ భాషలోనూ దొరకలేదు.

యుగంధరుడి చేరిక

యుగంధరుడి సంగతి వేరు. ప్రతాపరుద్రుణ్ణి ఢిల్లీ సైన్యం పట్టుకుపోతే పిచ్చివాడి వేషంలో వెళ్లి రాజును విడిపించిన మంత్రిగా తెలుగువారి మనసులో అతడు నిలిచిపోయాడు. ఇది వేదం వేంకటరాయ శాస్త్రి 1897లో వెలువరించిన ప్రతాపరుద్రీయ నాటకం చలవ. చాకలి పేరిగాడితో సహా ఆ నాటకపు పాత్రలు చరిత్ర పుస్తకాల కన్నా ఎక్కువ కాలం బతికాయి. నాటకం నడకలో సంస్కృత రూపకాల్లోని యౌగంధరాయణుడి నీడ స్పష్టంగా కనిపిస్తుంది. రాజు శత్రువు చేతికి చిక్కడం, మంత్రి మారువేషంలో విడిపించడం అక్కడి సరుకే.

నాటకానికి ముందూ ఈ కథలకు మూలాలున్నాయి. ఏకామ్రనాథుడి ప్రతాపరుద్ర చరిత్రము, కాసె సర్వప్ప సిద్ధేశ్వర చరిత్ర కాకతీయుల పతనం తర్వాత చాలా కాలానికి పుట్టాయి. జ్ఞాపకాలను కథలుగా అల్లిన రచనలవి. డెబ్బై ఏడుగురు నాయకులకు డెబ్బై ఏడు బురుజులు అప్పగించిన కథ మొదట కనిపించేది వీటిలోనే. ప్రతాపరుద్రుడు దారిలోనే చనిపోయాడని ఇటు విలస శాసనం, అటు అఫీఫ్ చెబుతుండగా, రాజు తిరిగొచ్చాడనే కథకు చారిత్రకంగా నిలబడే చోటు లేదు. రాజే తిరిగి రానప్పుడు అతణ్ణి తీసుకొచ్చిన మంత్రిని గన్నయతో కలపడం ఇంకా కష్టం. గన్నమ నాయుడు అలియాస్ యుగంధరుడు అలియాస్ మాలిక్ మక్బూల్ అనే వరుస ఇప్పటికీ పత్రికా వ్యాసాల్లో కనిపిస్తుంది. ఇందులో మధ్య పేరును తీసేస్తే మిగతా రెండింటి మధ్య చర్చ సాఫీగా సాగుతుంది.

మతమార్పిడిని చూసిన మూడు తీర్లు

ఢిల్లీకి తీసుకెళుతుండగా రాజు దారిలో చనిపోయాడు, అప్పుడు కన్ను సుల్తాన్ మహమ్మద్ ముందుకు వచ్చి కలిమా చదివాడు, సుల్తాను అతనికి మక్బూల్ అని పేరు పెట్టాడు అని అఫీఫ్ కథనం. ఇందులో చిన్న మెలిక ఉంది. ఓరుగల్లును జయించిన 1323లో మహమ్మద్ ఇంకా సుల్తాను కాడు, ఉలుగ్ ఖాన్ బిరుదుతో యువరాజుగా ఉన్నాడు. అతడు గద్దెనెక్కింది 1325లో. అఫీఫ్ తర్వాతి బిరుదును ముందుకాలానికి తగిలించి ఉండాలి, లేదా మతమార్పిడి రాజు మరణం తర్వాత రెండు మూడేళ్లకు జరిగి ఉండాలి.

జాతీయోద్యమ కాలపు తెలుగు చరిత్రకారులు దీన్ని బలవంతపు మార్పిడిగా చదివారు. ఓడిన సేనాని ముందు చావు లేదా మతం తప్ప మూడో దారి లేదన్నది వారి అవగాహన. అఫీఫ్ కథనంలో బలవంతం మాట లేదు. అయితే గెలిచినవాడి చరిత్రకారుడు బలవంతాన్ని రాస్తాడని ఆశించడం అమాయకత్వం.

రెండో తీరు ఢిల్లీ సుల్తానుల కొలువును అధ్యయనం చేసినవారిది. మహమ్మద్ బిన్ తుగ్లక్ పాత తుర్కీ కుటుంబాలను నమ్మలేదు. బయటివారిని, కొత్తవారిని పైకి తెచ్చాడు. గాయకుడి కొడుకుకూ మంగలికీ వంటవాడికీ తోటమాలికీ పదవులిచ్చాడని బరనీ కడుపుమంటతో పెద్ద జాబితాయే రాశాడు. కంపిలి రాజు కొడుకులను ఇస్లాంలో చేర్చుకుని అమీర్లను చేసిన సంగతి ఇబ్న్ బతూతా చెబుతాడు, వాళ్లలో కొందరిని అతడు స్వయంగా ఎరుగును. కన్ను చేరిక ఈ ధోరణిలో ఒక భాగం. ఓడిన రాజ్యపు పాలనానుభవం ఉన్న మనిషిని సుల్తాను పనిలో పెట్టుకున్నాడు.

మూడో తీరు 1990ల తర్వాత వచ్చిన దక్కన్ అధ్యయనాలది. సింథియా టాల్బట్, ఫిలిప్ వాగనర్, రిచర్డ్ ఈటన్ ఈ కాలాన్ని హిందూ ముస్లిం పోరాటంగా చూడటం మానేశారు. నాయకులు ప్రభువుకు విధేయతతో కట్టుబడిన సైనిక వర్గం, ప్రభువు మారినప్పుడు కట్టుబాటూ మారుతుంది అన్నది వారి చూపు. ఈ చూపు చాలా ముడులు విప్పింది. కానీ నమ్మకం, భయం, నష్టం లాంటి వాటిని రాజకీయ లెక్కల కింద కప్పేసే ప్రమాదం దీనికీ ఉంది. గెలిచినవారి రాజ్యాన్ని కలికాలపు చీకటిగా వర్ణించిన విలస శాసనం రాసినవాళ్లు కూడా అదే నాయక వర్గం మనుషులు. ఒకే వర్గంలో ఒకరు కన్నుగా, ఒకరు ప్రోలయగా ఎందుకు తేలారో ఈ మూడో తీరు ఇంకా సరిగా చెప్పలేదు.

ఓరుగల్లు పాలన, పలాయనం

జయించిన తర్వాత ఓరుగల్లు సుల్తాన్‌పూర్ అయింది. రాజమండ్రిలో 1324 నాటి మసీదు శాసనం ఉంది కాబట్టి పాలన గోదావరి దాకా త్వరగానే పాకింది. ఓరుగల్లు కోటలోని ఖుష్ మహల్ కూడా ఈ కాలానిదేనని కొందరు కళాచరిత్రకారులు, తర్వాతి కాలంలో ఓరుగల్లును ఏలిన షితాబ్ ఖాన్‌దని మరికొందరు అంటారు.

1336 ప్రాంతంలో కాపయ నాయకుడు తిరగబడి ఓరుగల్లును పట్టుకున్నాడు. ఆ సమయంలో నాయబ్ వజీరుగా అక్కడున్న మాలిక్ మక్బూల్ ఢిల్లీకి పారిపోయాడని బరనీ రాశాడు. ఫెరిష్తా కథనంలో ఓరుగల్లు అధికారి ఇమాద్-ఉల్-ముల్క్, పారిపోయింది దౌలతాబాదుకు. కాపయను ప్రతాపరుద్రుని కొడుకుగా పొరబడిన ఫెరిష్తా కన్నా ఆ కాలంలోనే ఉన్న బరనీని నమ్మడం సబబు. ఇప్పుడు ఎక్కువమంది చేస్తున్నదీ అదే.

స్థానికుణ్ణి అధికారిగా పంపితే స్థానికులు లొంగుతారని సుల్తాను ఆశించి ఉండవచ్చు. ఆ లెక్క తప్పింది. ఎందుకు తప్పిందన్నది ఇంకా తేలలేదు. మతం మారిన పాత తోటి నాయకుడి మాట మిగతా నాయకులు వినలేదన్నది సులువైన సమాధానం. 1330ల మధ్యలో మధురై స్వతంత్రమైంది, ఉత్తరాన కరువు పడింది, ఓరుగల్లు దాకా వచ్చిన సుల్తాను సైన్యం రోగాలతో కుదేలైంది. ఆ స్థితిలో అక్కడ ఏ జాతివాడు అధికారిగా ఉన్నా నిలబడేవాడు కాడేమో. మక్బూల్ ఓటమిని అతని పుట్టుకకు ముడిపెట్టే రచనలు ఈ విషయాన్ని పక్కన పెట్టేస్తాయి.

ముల్తాన్, గుజరాత్: రెండు పేర్ల చిక్కు

ఓరుగల్లు పోయినా మక్బూల్ పరపతి పోలేదు. కివామ్-ఉల్-ముల్క్ బిరుదు, ముల్తాన్ ఇక్తా, అంటే అక్కడి రాబడీ పాలనా, అతనికి దక్కాయని అఫీఫ్ చెబుతాడు. రాతకోతలు రాకపోయినా ఫర్మానాల మీద మహమ్మద్ తుగ్లక్ సేవకుడు మక్బూల్ అని సంతకం పెట్టేవాడట.

చిక్కంతా గుజరాత్ దగ్గర. 1340లలో అక్కడ వజీరు ప్రతినిధిగా ముక్బిల్ అనేవాడున్నాడు. వజీరు అహ్మద్ అయాజ్ బానిస అంటూ బరనీ అతణ్ణి ఈసడించుకున్నాడు. ఖంభాత్ మీదుగా వెళ్లిన ఇబ్న్ బతూతా మాత్రం అక్కడి అధికారి ముక్బిల్‌ను తిలంగీ అంటాడు. మక్బూల్, ముక్బిల్ అరబీ లిపిలో ఒకే ధాతువు నుంచి వచ్చిన పేర్లు, ఒక అక్షరం తేడా. ఇబ్న్ బతూతాను నమ్మి ఇద్దరినీ ఒకరిగా చేస్తే మక్బూల్‌కు గుజరాత్ అనుభవం కూడా కలుస్తుంది, 1345లో అక్కడి తిరుగుబాటుదారుల చేతిలో ఓడిన అపకీర్తి కూడా అంటుకుంటుంది. బరనీని నమ్మితే ముక్బిల్ వేరే మనిషి. ప్రభువు కొలువులో చేరిన నాయకుడికీ, ఒక అమీరు సొంత బానిసకూ సామాజికంగా చాలా దూరముంది. ఈ లెక్కన ఇద్దరూ వేరన్న వాదమే మెరుగ్గా కనిపిస్తుంది. తుగ్లక్ కొలువులో తెలుగువాళ్లు ఒకరికన్నా ఎక్కువమంది ఉన్నారనే సంగతి దీంతో బయటపడుతుంది, దాని వెంట వెళ్లినవారు తక్కువ.

వజీరుగా ఇరవై ఏళ్లు

మక్బూల్ జీవితంలో అన్నిటికన్నా స్పష్టమైన భాగం ఇదే. మహమ్మద్ బిన్ తుగ్లక్ 1351 మార్చిలో సింధులో చనిపోయాడు. ఢిల్లీలో ఉన్న వజీరు అహ్మద్ అయాజ్ ఒక పిల్లవాణ్ణి గద్దెమీద కూర్చోబెట్టాడు. సైన్యం మాత్రం ఫిరోజ్‌ను సుల్తానుగా ఎన్నుకుంది. మక్బూల్ అయాజ్ పక్కనుంచి తప్పుకుని నగరం విడిచి ఎదురెళ్లి ఫిరోజ్‌తో కలిశాడు. ఆ ఒక్క అడుగుతో అయాజ్ పని అయిపోయింది. వజీరు పదవి మక్బూల్‌ది అయింది.

ఫిరోజ్ తరచూ దండయాత్రల మీద ఉండేవాడు. బెంగాల్‌కు రెండుసార్లు వెళ్లాడు. రెండోసారి తిరుగుదారిలో జాజ్‌నగర్ అని పిలిచే ఒడిశాకూ, ఆ తర్వాత నగర్‌కోటకూ వెళ్లాడు. 1365 తర్వాత సింధులోని థట్టాకు వెళ్లినప్పుడు కచ్ రణ్‌లో సైన్యం దారి తప్పి నెలల తరబడి రాజధానికి కబురే లేకుండా పోయింది. నగరంలో కలవరం మొదలైంది. అప్పుడు ఖాన్-ఇ-జహాన్ సుల్తాను క్షేమంగా ఉన్నట్టు తానే ఒక ఉత్తరం సృష్టించి ప్రకటించాడని అఫీఫ్ మెచ్చుకోలుగా రాశాడు. వజీరు రాజద్రోహం తలపెట్టదలిస్తే అంతకన్నా మంచి అదను దొరకదు. అతడు ఆ అదనును నగరాన్ని నిలబెట్టడానికి వాడాడు. మక్బూల్‌ను అవకాశవాదిగా చిత్రించేవారు 1351 నాటి ఫిరాయింపును ముందుకు తెస్తారు. విధేయుడిగా చూసేవారు ఈ ఉత్తరాన్ని చూపిస్తారు. రెండూ ఒకే మనిషి చేసిన పనులు.

అతనికి ప్రత్యర్థులు లేకపోలేదు. లెక్కల అధికారి ఐన్-ఉల్-ముల్క్ మాహ్రూతో గొడవ ముదిరి సుల్తాను జోక్యం దాకా పోయింది. తన లెక్కలు వజీరు కచేరీకి పంపనక్కర్లేదన్న షరతు మీద ఐన్-ఉల్-ముల్క్ ముల్తాన్ పాలనకు వెళ్లాడు. వజీరు అధికారం ఎంత బరువైందో, దానికి గండి పెట్టడం సుల్తానుకు ఎంత అవసరమైందో ఈ సర్దుబాటులో తెలుస్తుంది.

సంపద సంగతి అఫీఫ్ నోరూరిస్తూ రాశాడు. సైన్యం ఖర్చు, పిల్లల భత్యాలు కాక వజీరుకు ఏటా 13 లక్షల తంకాలట. పుట్టిన ప్రతి కొడుక్కూ 11,000 తంకాలు, ప్రతి అల్లుడికీ 15,000 తంకాలు భత్యం. రూమ్ నుంచి చైనా దాకా తెచ్చిన రెండు వేల మంది స్త్రీలు అంతఃపురంలో ఉండేవారని కూడా అంటాడు. చివరి అంకెను అక్షరాలా నమ్మనక్కర్లేదు. పోయిన వైభవం చెప్పేటప్పుడు వేలల్లో మాట్లాడటం ఆ రచనల తీరు. భత్యాల లెక్క అలా కాదు. అది ఖజానా పద్ధతికి సంబంధించింది, అఫీఫ్‌కు తెలిసే అవకాశముంది. అసలు రాజు ఖాన్-ఇ-జహానే అని ఫిరోజ్ అనేవాడన్న మాట కూడా అఫీఫ్ ద్వారానే ప్రచారంలోకి వచ్చింది.

కులం అడిగే ప్రశ్న

కుల చరిత్రల వెల్లువలో గన్నయను తమవాడిగా చెప్పుకోని వర్గం తక్కువ. వీటిలో ఎక్కువ రచనలు నాయకుడు, నాయుడు అనే బిరుదును ఇవాళ్టి ఇంటిపేరు ధోరణిలో చదువుతాయి. కాకతీయుల నాడు నాయక అన్నది పదవి, సైనిక హోదా. భిన్న నేపథ్యాలవారికి ఆ బిరుదు దక్కిందని, అప్పటి శాసనాలు కులం కన్నా పదవికీ వృత్తికీ ప్రాధాన్యమిచ్చాయని టాల్బట్ వందల శాసనాల లెక్కతో చూపారు. గన్నయ విషయంలోనే కులం తేలనప్పుడు, అతనితో పోలిక మాత్రమే ఉన్న మక్బూల్ కులం మీద వాదనలకు పునాది ఉండదు.

మరణం, సమాధి

మక్బూల్ మరణానికి హిజ్రీ 770, అంటే 1368-69ని చాలామంది తీసుకుంటారు. రెండేళ్లు తర్వాతకు జరిపేవారూ ఉన్నారు. ఢిల్లీ నిజాముద్దీన్‌లోని కలాన్ మసీదు శాసనం హిజ్రీ 772 నాటిది. అందులో కొడుకు జౌనా షా అప్పటికే ఖాన్-ఇ-జహాన్ బిరుదుతో ఉన్నాడు. కాబట్టి మరణం 1371 దాటదు. ఇటు తెలుగుదేశంలో కాపయ నాయకుడు కూడా దాదాపు అదే కాలంలో రేచర్ల వెలమ నాయకులతో పోరులో మరణించాడు.

నిజాముద్దీన్ బస్తీలో ఉన్న అతని సమాధి కళాచరిత్రలో ప్రత్యేక చర్చకు కారణమైంది. ఎనిమిది పలకల గది, చుట్టూ పలకకు మూడేసి కమానుల వసారా, పైన గుమ్మటం. ఈ నమూనాలో ఢిల్లీలో కట్టిన మొదటి పెద్ద సమాధి ఇదే. తర్వాత సయ్యద్, లోడీ సుల్తానులు, ససారాంలో షేర్ షా ఇదే రూపాన్ని పెంచి వాడుకున్నారు. ఈ రూపం ఎక్కడిదన్నదే ప్రశ్న. జెరూసలేంలోని శిలాగుమ్మటం దాకా వెళ్లినవారున్నారు. ముల్తాన్‌లోని అష్టకోణ రుక్న్-ఇ-ఆలం సమాధి మరీ దగ్గరి పోలిక, మక్బూల్ ముల్తాన్‌ను ఏలినవాడు. కాకతీయ మండపాల ఊహ కూడా అప్పుడప్పుడు వినిపిస్తుంది గాని, కట్టడంలో దానికి ఆనవాలు చూపినవారు లేరు.

కొడుకు కాలం, మిగిలిన ప్రశ్నలు

తండ్రి పదవీ బిరుదూ రెండూ జౌనా షాకు వచ్చాయి. ఖిర్కీ మసీదు, తుర్క్‌మాన్ గేటు దగ్గరి కలాన్ మసీదు సహా ఢిల్లీలో అనేక మసీదులు అతని పేరుమీద ఉన్నాయి. బేగంపూర్ మసీదును ఇదివరకు అతనికే కట్టబెట్టేవారు, ఇప్పుడు మహమ్మద్ బిన్ తుగ్లక్ కాలానిదని ఎక్కువమంది భావిస్తున్నారు. హిందవీలో తొలి ప్రేమకావ్యంగా పేరొందిన చాందాయన్‌ను మౌలానా దావూద్ 1379లో రాస్తూ జౌనా షాను స్తుతించాడు. గన్నయ, మక్బూల్ ఒకరే అయితే తండ్రి తెలుగు పురాణానికీ కొడుకు అవధీ కావ్యానికీ పోషకులవుతారు. 1387లో యువరాజు మహమ్మద్‌తో జరిగిన అధికార పోరులో ఓడి మేవాత్‌కు పారిపోయిన జౌనా షా పట్టుబడి హతమయ్యాడు. తండ్రి ఇరవై ఏళ్లు జాగ్రత్తగా తప్పించుకున్న వారసత్వ పోరు కొడుకును మింగింది.

తేలని ప్రశ్నల్లో మొదటిది గుర్తింపు. మార్కండేయ పురాణం రచనాకాలాన్ని కచ్చితంగా పట్టిస్తే దానికి చాలా దారి దొరుకుతుంది, ఎందుకంటే వాదం మొత్తం ఆ తేదీ మీద వేలాడుతోంది. రెండోది 1325 నుంచి 1336 దాకా మక్బూల్ తెలుగునేల మీద ఎన్నాళ్లున్నాడన్నది. బరనీ చెప్పింది అతని పలాయనం మాత్రమే, రాక గురించి కాదు. ఈ పదేళ్ల తెలంగాణ పారశీక శాసనాలను, నాణేలను అదే కాలపు తెలుగు దానశాసనాల పక్కన పెట్టి ఊరూరా అధికారుల పేర్లు పోల్చే పని ఇంకా పూర్తిగా జరగలేదు. మూడోది గుజరాత్ ముక్బిల్ ఎవరన్నది. దానికి బరనీ, ఇబ్న్ బతూతా రాతప్రతుల పాఠభేదాలను అక్షరం అక్షరం సరిచూసుకోవాలి.